వానలు తగ్గేదాకా ఎనిమిది కుండీలు

సీతాదేవి ఆంటీ ఒక కుండీని రెండు చేతులా పొదివి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఏ పని మీద వచ్చిందో అర్థమైనా సుచిత్ర గుమ్మం వదిలి పక్కకు జరగలేదు.

"ఎనిమిదేనమ్మా. వానలు తగ్గేదాకా. ఫిబ్రవరిలో మళ్లీ నేనే పట్టుకుపోతాను" అంది ఆంటీ. "మీ హాలు కిటికీకి తూరుపు ఎండ వస్తాది. మా ఇంట్లో ఏటుంది, ఎదర బ్లాకు గోడ తప్ప."

కాదనడానికి సుచిత్రకు ఒక్క కారణమూ దొరకలేదు. ఆ కుండీలు కారిడార్ వదిలి ఇళ్లలోకి రావలసి రావడానికి కారణం తనే. ఆ సంగతి ఆంటీకి తెలియదు. సుచిత్ర పక్కకు తప్పుకుని, కిటికీ కింద ఉన్న చెప్పుల స్టాండు జరిపి చోటు చేసింది.

సింగపూర్‌లో వుడ్‌ల్యాండ్స్ అనే పేటలోని ఆ బ్లాకు తొమ్మిదో అంతస్తుకు సుచిత్రా వాళ్లు వచ్చి నాలుగేళ్లయింది. తను ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. భర్త పృథ్వీ ఓడల్లో సరుకులు పంపే కంపెనీలో ఉన్నాడు. కూతురు చాందినికి తొమ్మిదేళ్లు. ఇల్లు దిగిన రోజు, లిఫ్టు దగ్గర పెట్టెలు లెక్క చూసుకుంటూ భార్యాభర్తలు తెలుగులో కీచులాడుకుంటుంటే, మూడు గుమ్మాల అవతల నుంచి తెల్లజుట్టు ముసలావిడ ఒకావిడ నవ్వుకుంటూ వచ్చి, ముందు కాఫీ తాగి తరువాత కొట్టుకోమంది. ఆవిడే సీతాదేవి. పుట్టింది ఇక్కడే. వాళ్ల నాన్న ఇంగ్లీషువాళ్ల కాలంలో విజయనగరం వైపు నుంచి నౌకాస్థావరంలో పనికి వచ్చాడు. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్లు నర్సుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఆవిడ తెలుగులో అరవం మాటలూ మలయ్ మాటలూ కలిసిపోయి ఉంటాయి. అన్నం తిన్నావా అని అడగడానికి బదులు మకాన్ అయిందా అంటుంది.

ఆవిడ గుమ్మం ముందు కారిడార్ పొడుగునా ముప్పై దాకా కుండీలుండేవి. అన్నీ అడీనియంలే. అడుగున ఏనుగు పాదంలా ఉబ్బిన దుంప, పైన పొట్టి కొమ్మలు, ఎండ బాగా తగిలితే గులాబి రంగు పూలు. ఎడారి జాతి మొక్క. ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది గానీ, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే పది రోజుల్లో కుళ్లిపోతుంది. సింగపూర్‌లో చలికాలం లేకపోయినా నవంబరు చివర మొదలై జనవరి దాకా విడవకుండా కురిసే వాన ఉంది. ఆ మొక్కలకు అదే శీతకాలం. కారిడార్‌కు పైకప్పు ఉంది కాబట్టి, ఆ మూడు నెలలూ కుండీలను గోడవారకు జరిపి ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చింది ఆంటీ.

సెప్టెంబరులో చాందినికి డెంగీ వచ్చింది. నాలుగో రోజు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. పిల్ల చేతికి సెలైన్ సూది, పెదాల మీద పొక్కులు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని సుచిత్ర ఆ దోమ ఎక్కడిదా అని ఆలోచించసాగింది. ఆలోచన తిరిగి తిరిగి కారిడార్‌లో కుండీల దగ్గర ఆగింది. కుండీల కింద పళ్లేలుంటాయి, పళ్లేల్లో నీళ్లుంటాయి. ఫోనులో పాత ఫొటో ఒకటి దొరికింది. చాందిని కొత్త స్కూలు యూనిఫాంలో నిలబడ్డ ఫొటో, వెనకంతా కుండీలే. పిల్ల ఉన్న భాగం కత్తిరించి, మిగిలిన బొమ్మను ప్రభుత్వ ఫిర్యాదుల యాప్‌లో పెట్టి, దోమలు పెరుగుతున్నాయి, కారిడార్ మూసుకుపోయింది, చర్య తీసుకోండి అని రాసింది. పేరు ఇవ్వక్కర్లేదు అని ఉన్నచోట గుర్తు పెట్టింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. పృథ్వీకి కూడా చెప్పలేదు.

చాందిని కోలుకుని ఇంటికొచ్చిన వారానికి దోమల తనిఖీ వాళ్లు వచ్చారు. అంతస్తంతా చూశారు. సీతాదేవి ఆంటీ పళ్లేల్లో నీళ్లు లేవు, ఇసుక ఉంది. ఆవిడ నర్సు, ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా. ఒక్క దోమ పురుగు కూడా దొరకలేదు. పురుగులు దొరికింది సుచిత్ర ఇంట్లో. వంటింటి కిటికీ బయట, బట్టలారేసే కర్రలు గుచ్చడానికి గోడలో దించిన పాత ఇనుప గొట్టాలున్నాయి. సుచిత్ర బట్టలు స్టాండు మీద ఆరేస్తుంది కాబట్టి ఆ గొట్టాల వంక ఎప్పుడూ చూడలేదు. అధికారి టార్చి వేసి, గొట్టంలో నీళ్లు చిన్న గిన్నెలోకి లాగి ఆమె ముందు పెట్టాడు. అందులో సన్నటి పురుగులు గిలగిలా కొట్టుకుంటూ ఈదుతున్నాయి. గొట్టాలకు మూతలు బిగించి, మరోసారి ఇలా జరగకూడదని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. సుచిత్ర కాసేపు వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. తన పిల్లను కుట్టిన దోమ తన ఇంట్లోనే పుట్టింది.

ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది. దోమల సంగతి ముగిసిపోయింది, కానీ ఫొటోలో దారి ఇరుకుగా కనబడుతోంది, అది వేరే విషయం, వెనక్కి తీసుకోవడం కుదరదు అన్నారు అవతలివాళ్లు. అక్టోబరు చివర ఆంటీ తలుపుకు నోటీసు అంటించారు. నడవడానికి నాలుగడుగుల దారి వదలాలి, మిగిలినవి రెండు వారాల్లో తీసేయాలి.

నోటీసు చేతిలో పట్టుకుని ఆంటీ ముందు వచ్చింది సుచిత్ర దగ్గరికే. చదివించుకోవడానికి కాదు, చెప్పుకోవడానికి. సోఫాలో కూర్చుని, ఆ కాగితాన్ని మడతలు పెడుతూ, "ఎవరు చేశారో నాకు తెల్సు" అంది.

సుచిత్ర చేతిలో టీకప్పు ఉంది. అది కింద పెట్టలేదు, తాగలేదు.

"యూసుఫే" అంది ఆంటీ. "ఇంకెవరున్నారు."

యూసుఫ్ కారిడార్ చివరింటి పెద్దాయన. రిటైరైన బస్సు డ్రైవరు. ఆంటీ ఆయన్ని అబాంగ్ అని పిలిచేది, మలయ్‌లో అన్నయ్య అని. ఆయన భార్య హలీమాకు పక్షవాతం వచ్చి ఏడాదిగా చక్రాల కుర్చీలో ఉంది. ఆగస్టులో ఒకరోజు ఆ కుర్చీ కుండీకి తగిలితే, కొంచెం జరపమని యూసుఫ్ అడిగాడు, ఆంటీ చిన్నబుచ్చుకుంది, రెండు కుండీలు జరిపింది. ఆ మాట అప్పుడే అయిపోయిందనుకున్నారు అందరూ.

"ఆయన అయ్యుండరేమో ఆంటీ" అంది సుచిత్ర.

"మరెవరు?"

ఆంటీ ఆ మాట విసురుగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని, సుచిత్ర ముఖంలోకి చూస్తూ అడిగింది. నేనే ఆంటీ అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ దొరకదని సుచిత్రకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా, "ఏమో ఆంటీ" అంది.

నవంబరు మూడో వారంలో ఆ ఎనిమిది కుండీలూ లోపలికి వచ్చింది అలా. తొమ్మిదింటిని ఆంటీ తన ఇంట్లో ఇరికించుకుంది. కొన్నింటిని గుడిలో తెలిసినవాళ్లకు ఇచ్చేసింది. బయట గోడవారన నాలుగే మిగిలాయి.

తెచ్చేముందు ఆవిడ ఒక్కో కుండీని బకెట్టు నీళ్లలో ఘడియసేపు ముంచి చీమల్ని బయటికి తరిమింది, తరువాత రెండు రోజులు గాలికి ఆరబెట్టింది. ఆకుల అడుగున పిండినల్లి లేకుండా సబ్బునీళ్లలో తడిపిన బట్టతో తుడిచింది. ఇంట్లో పెట్టాక సుచిత్రను పక్కన కూర్చోబెట్టుకుని, పేషెంటును అప్పజెప్పినట్టు అన్నీ చెప్పింది. రెండు వారాలకొకసారి చిన్న గ్లాసుడు నీళ్లు, అంతకంటే చుక్క ఎక్కువ వద్దు. ఏసీ గాలి తగలకూడదు. వారానికొకసారి కుండీని పావు వంతు తిప్పాలి, లేకపోతే ఎండవైపే వంగిపోతాయి. ఆకులు పండి రాలతాయి, భయపడకూడదు, అవి నిద్రపోతున్నాయంతే. వారానికోసారి దుంపను బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే బాగున్నట్టు. మెత్తగా తగిలితే ఆ రోజే వచ్చి చెప్పాలి.

సుచిత్ర వారానికోసారి కాదు, రోజూ నొక్కి చూసేది. పొద్దున్నే చాందినికి జడ వేయగానే కిటికీ కింద చతికిలబడి ఎనిమిది దుంపల్నీ వరసగా నొక్కేది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని పృథ్వీ గుర్తుచేస్తే విననట్టు ఊరుకునేది. డిసెంబరు మొదటి వారానికి ఆకులన్నీ రాలి, మోడు కొమ్మలు మిగిలాయి. "Mummy, all die already lah" అంది చాందిని. చావలేదు, నిద్రపోతున్నాయి అంది సుచిత్ర. మొదటి దుంప నుంచి మళ్లీ నొక్కడం మొదలుపెట్టింది.

మొక్కలకు ఎంత చాకిరీ చేస్తే అంత మేర తన తప్పు తరిగిపోతుందని లోలోపల ఎక్కడో ఒక ఆశ ఉండేది ఆమెకు. తరగలేదు. ఆంటీ రెండు మూడు రోజులకొకసారి వచ్చి చూసి, "నీ చేతిలో పెట్టాక నాకు నిశ్చింతమ్మా" అన్న ప్రతిసారీ అది పెరిగింది.

ఆ నెలలోనే ఒకసారి లిఫ్టులో యూసుఫ్ కలిశాడు. ఒక చేత్తో హలీమా కుర్చీ, ఒక చేత్తో కూరగాయల సంచి. సిస్టర్‌కు ఒంట్లో బాగోలేదా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆంటీని ఆ అంతస్తులో పాతవాళ్లంతా సిస్టర్ అనే అంటారు. తను పంపిన కొబ్బరి మిఠాయి డబ్బా మూత తీయకుండానే వెనక్కి వచ్చిందట. ఎదురుపడితే తల తిప్పుకుంటోందట. ఆగస్టులో తను అడిగింది తప్పే అయితే క్షమించమని చెప్పాలనుకుంటున్నాడు, కానీ తలుపు తీయడం లేదు. "రెండు కుండీలే జరపమన్నాను" అన్నాడాయన. "కుర్చీ పట్టడానికి. అన్నీ తీసేయమనలేదు నేను."

హలీమా కుర్చీలోంచి తలెత్తి సుచిత్రను చూస్తోంది. ఆవిడకు మాట సరిగా రాదు, చూపు మాత్రం ఎప్పుడూ నిలకడగా ఉంటుంది. ఆంటీ పనుల్లో ఉన్నట్టుంది అంకుల్ అంది సుచిత్ర. తొమ్మిదో అంతస్తు వచ్చింది. వాళ్లను ముందు దిగనిచ్చి, తను ఏదో మరిచిపోయినట్టు మళ్లీ కిందికి వెళ్లిపోయింది. కింద కాసేపు ఉత్తరాల పెట్టెల దగ్గర నిలబడి వచ్చింది.

క్రిస్‌మస్ ముందు వారం అయిదు రోజులు వాన ఆగలేదు. గోడలు చెమ్మగిల్లాయి, ఇస్త్రీ చేసిన బట్టలు కూడా తడిగా తగిలాయి. ఆరో రోజు పొద్దున పెద్ద కుండీలోని దుంప ఒక పక్క మెత్తగా దిగింది. సుచిత్ర చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్లీ నొక్కి చూసింది. అనుమానం లేదు. కుండీ ఎత్తుకుని పరుగున ఆంటీ ఇంటికి వెళ్లింది.

ఆంటీ కంగారు పడలేదు. పాత పేపరు పరిచి, మొక్కను కుండీలోంచి ఊడదీసి, మట్టి దులిపి, వంటింటి కత్తిని మంట మీద కాల్చి తెచ్చింది. కుళ్లిన చోట కోసింది. గోధుమరంగు పోయి తెల్లటి కండ కనిపించేదాకా పొర పొరగా, చెయ్యి వణక్కుండా కోసింది. సగం దుంప పోయింది. మిగిలినదానికి దాల్చినచెక్క పొడి దట్టంగా అద్ది, తాడు కట్టి, వంటింటి కిటికీ ఊచకు తలకిందులుగా వేలాడదీసింది. మూడు వారాలు అలా ఆరాలి, ఆరిన తరువాత బతికితే బతుకుతుంది అంది.

"నా తప్పే ఆంటీ" అంది సుచిత్ర. ఆ మాట నోటివెంట వచ్చేసింది. దాని వెనకే రెండో మాట కూడా వస్తుందని ఒక్క క్షణం అనిపించింది.

"నీ తప్పేటి, గాలిలో చెమ్మ" అంది ఆంటీ చేతులు కడుక్కుంటూ. "అన్నింట్లోకీ ఇదే పాతది. ఇరవయ్యారేళ్లు. మా అమ్మ పోయిన ఏడు, నేను డ్యూటీ నుంచి వచ్చి తలుపేసుకుని కూచుంటన్నానని, యూసుఫ్ జొహోర్‌లో వాళ్ల తమ్ముడింటికాడ నుంచి గింజలు తెచ్చిచ్చాడు. మొలిపించు, రోజూ పొద్దున్న లేవడానికి పనుంటుంది అన్నాడు. ఇవన్నీ దీని పిల్లలే." చేతులు తుడుచుకుంది. "పోతే పోయిందిలే. ఇప్పుడు దాని మొఖం చూడబుద్ధి కాడం లేదు."

సుచిత్ర ఇంటికొచ్చి, ఆఫీసుకు సెలవు పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకుంది. పృథ్వీ ఫోన్ చేసి జ్వరమా అని అడిగితే అవునంది.

జనవరి రెండో శనివారం యూసుఫ్ ఇంటి ముందు సామాను లారీవాళ్లు కనిపించారు. హలీమాను ఒక్కడే చూసుకోలేకపోతున్నాడని, వాళ్లమ్మాయి సెరంగూన్‌లోని తన ఇంటికి తీసుకుపోతోంది. ముప్పై ఏళ్ల సామాను పదకొండింటికల్లా లిఫ్టుల్లో దిగిపోయింది. సుచిత్ర తన గుమ్మానికున్న ఊచల గేటు దగ్గర నిలబడి చూస్తోంది. యూసుఫ్ హలీమా కుర్చీ నెట్టుకుంటూ వచ్చి, ఆంటీ గుమ్మం ముందు ఆగాడు. తల మీద టోపీ సర్దుకుని బెల్లు నొక్కాడు. ఆగి, మళ్లీ నొక్కాడు. లోపల రేడియో వినబడుతోంది. రేడియో ఆగిపోయింది, తలుపు తెరుచుకోలేదు. హలీమా కుర్చీలోంచి చెయ్యి చాచి గేటు ఊచను పట్టుకుంది. యూసుఫ్ మెల్లగా ఆవిడ వేళ్లు విడదీసి, కుర్చీని లిఫ్టు వైపు తిప్పాడు. సుచిత్ర ముందు నుంచి వెళుతూ తలాడించి, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు.

ఆ పూట ఆ కొంచెం దూరం నడిచి ఆ తలుపు తట్టి ఉంటే సరిపోయేది. తలుపు తీయండి ఆంటీ, చేసింది ఆయన కాదు, నేను అంటే సరిపోయేది. లిఫ్టు దిగిపోయాక కూడా ఆమె గేటు పట్టుకునే నిలబడి ఉంది. హలీమా పట్టుకున్నట్టే తనూ ఊచను పట్టుకుందని గమనించి చెయ్యి వదిలేసింది.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. అయిదో రోజు ముందు పృథ్వీకి చెప్పింది. పోనీ ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆవిడకింకా బాధ కదా అన్నాడతను. ఇన్నాళ్లూ సుచిత్ర తనకు తాను చెప్పుకున్నది సరిగ్గా అదే. ఇంకొకరి నోట వినేసరికి అది ఎంత పిరికి మాటో తెలిసింది. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా ఆంటీ ఇంటికి వెళ్లింది.

ఆంటీ వంటింట్లో ఉంది. ఆరిన మొక్కను కిటికీ ఊచ నుంచి దించి, ఇసుకా ఇటుకపొడీ కలిపిన కుండీలో నిలబెడుతోంది. రా, పట్టుకో అంది. సుచిత్ర మొక్కను నిటారుగా పట్టుకుంది. ఆంటీ చుట్టూ ఇసుక పోస్తోంది.

"ఆంటీ, ఫిర్యాదు చేసింది యూసుఫ్ అంకుల్ కాదు. నేను."

ఇసుక పోస్తున్న చెయ్యి ఆగలేదు. విన్నదో లేదోనని సుచిత్రకు అనుమానం వచ్చింది. వరసగా చెప్పేసింది. ఆసుపత్రి, ఫొటో, పేరు ఇవ్వకపోవడం, గొట్టంలో పురుగులు, వెనక్కి తీసుకోబోవడం. ఆంటీ కుండీ నింపింది. అరచేత్తో అదిమింది. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. అప్పుడు వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"పిల్లకి ప్లేట్‌లెట్లు ఎంతకి పడిపోయాయి అప్పుడు?"

"ఇరవై రెండు వేలు."

"ఊఁ." ఆంటీ తలూపింది. "అలాంటప్పుడు తల్లికి కళ్లు కనబడవు. వార్డుల్లో ఎంతమందిని చూశానో. అది నేను ఆ రోజే మర్చిపోదును."

ఆంటీ స్టూలు ముందుకు జరుపుకుంది.

"నోటీసు పట్టుకుని నీ ఇంటికొచ్చాను. ఎవరని నిన్నే అడిగాను. అప్పుడు పిల్లకి జ్వరం లేదు కదమ్మా."

"లేదు."

"ఆయన బెల్లు కొట్టినప్పుడు నువ్వు బయటే ఉన్నావా?"

"ఉన్నానాంటీ."

ఆంటీ కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడిచింది. "నేను తలుపు వెనకాలే ఉన్నాను. గొళ్లెం మీద చెయ్యేసుకుని నించున్నాను" అంది. గొంతు పెద్దది చేయలేదు. "హలీమా గేటు పట్టుకుంది, తలుపు కన్నంలోంచి చూశాను. కళ్లారా చూసి కూడా తీయలేదు."

సుచిత్ర ఏడుస్తోంది. ఆంటీ ఊరుకోమనలేదు, దగ్గరికి రాలేదు. ఏడుపు ఆగేదాకా ఆగి, ఎల్లుండి శనివారం, నీకు సెలవే కదా అంది. తొమ్మిదింటికి లిఫ్టు దగ్గరికి రమ్మంది. సెరంగూన్ వెళ్లాలి, ఇప్పుడు తనకు చెప్పింది అక్కడ యూసుఫ్‌కు కూడా సుచిత్ర నోటితోనే చెప్పాలి అంది.

శనివారం రైల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కాల్డికాట్ స్టేషన్‌లో రైలు మారేదాకా ఆంటీ ఒక్క మాట మాట్లాడలేదు. మారాక, నీళ్లున్నాయా అని అడిగింది. సుచిత్ర సీసా మూత తీసి ఇచ్చింది.

యూసుఫ్ కూతురి ఇల్లు షాపింగ్ మాల్ వెనకవైపు పదో అంతస్తులో ఉంది. తలుపు తీసిన యూసుఫ్ ఆంటీని చూసి గుమ్మంలోనే ఉండిపోయాడు. లోపల కుర్చీలో హలీమా, ఒళ్లో మడతపెట్టని తువ్వాళ్లు. సుచిత్ర కూర్చోలేదు. నిలబడే, ఇంగ్లీషులో, ముందే అనుకున్న నాలుగు వాక్యాలూ చెప్పింది. ఫిర్యాదు చేసింది నేను. సిస్టర్ మిమ్మల్ని అనుమానిస్తుంటే తెలిసీ ఊరుకున్నాను. లిఫ్టులో మీకు అబద్ధం చెప్పాను. మీరు వెళ్లిపోయే రోజు కూడా నోరు తెరవలేదు.

యూసుఫ్ గడ్డం నిమురుకున్నాడు. తరువాత భార్య వైపు వంగి మలయ్‌లో అదంతా మెల్లగా చెప్పాడు. హలీమా వింటూ మధ్యలో ఒక్కమాట అంది. ఆయన సుచిత్ర వైపు తిరిగి, "పాపకు ఇప్పుడు బాగుందా అని అడుగుతోంది" అన్నాడు.

బాగుందని సుచిత్ర తలూపింది. అంతకంటే కోప్పడి ఉంటే బాగుండుననిపించింది.

అప్పుడు ఆంటీ లేచి, హలీమా కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో అలా కూర్చోవడం ఆవిడకు తేలిక కాదు. మలయ్‌లో ఏదో చెప్పింది. సుచిత్రకు అందులో పేర్లు తప్ప అర్థం కాలేదు. యూసుఫ్ విని, కిటికీ వైపు చూస్తూ ఇంగ్లీషులోనే జవాబు చెప్పాడు. సుచిత్రకు కూడా తెలియాలని కాబోలు.

"లారీ వెనకే టాక్సీలో వస్తూ, దారి పొడుగునా హలీమా ఇదే అడిగింది, సిస్టర్. బెల్లు పాడైందేమో, వెనక్కి వెళ్లి తలుపు తడదాం అని. పాడైందనే చెప్పాను."

హలీమా పక్షవాతం రాని చెయ్యి ఎత్తి ఆంటీ తల మీద పెట్టింది. ఆ చెయ్యి అక్కడ చాలాసేపు ఉంది. యూసుఫ్ మాత్రం పరవాలేదనో, జరిగిపోయిందిలే అనో అనలేదు. వంటింట్లోకి వెళ్లి నాలుగు కప్పుల టీ కలుపుకొచ్చాడు. సుచిత్రకు కూడా ఒకటి ఇచ్చాడు.

ఫిబ్రవరిలో ఎండ పడింది. ఆంటీ వచ్చి కుండీలను ఒక్కొక్కటిగా తీసుకుపోయింది. మూడు నెలలు ఇంట్లో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే కాలిపోతుందని, మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు అలా అలవాటు చేసింది. ఏడూ చిగురించాయి. కోసి నాటినది మాత్రం అలాగే ఉంది, బతికిందని గానీ పోయిందని గానీ చెప్పడానికి లేదు. బ్లాకు వెనక ఉమ్మడి తోటలో మూడు మడులు ఖాళీ అయితే, సుచిత్ర దరఖాస్తు రాసి, తిరిగి, కారిడార్‌లో పట్టని కుండీల కోసం ఒకటి ఆంటీ పేరున ఇప్పించింది. ఆంటీ కాగితం మీద సంతకం చేసింది. థాంక్స్ అంది. అంతకు ముందైతే ఆవిడ సుచిత్రకు థాంక్స్ చెప్పేది కాదు. కాఫీ పెట్టేది.

రెండు వారాలకొక శనివారం ఆంటీ సెరంగూన్ వెళుతుంది. సుచిత్రను రమ్మంటుంది. అక్కడ సుచిత్ర హలీమా కుర్చీని మాల్ పక్క నీడదారిలో అటూ ఇటూ తిప్పుతుంది, ఈలోగా పెద్దవాళ్లిద్దరూ బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్ల మాటలు మునుపటిలా లేవని, మధ్య మధ్య ఆగిపోతున్నాయని దూరం నుంచి చూసినా తెలుస్తుంది. తనను తీసుకుపోవడం శిక్షో క్షమించడమో సుచిత్రకు తెలియదు. అడగలేదు.

ఒక శనివారం తిరిగొచ్చాక, ఆంటీ మనింటికి ఎందుకు రావడం లేదని చాందిని అడిగింది. పృథ్వీ పేపరు దించి చూశాడు. సుచిత్ర పిల్ల పక్కన కూర్చుని, ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది.

"Then you say sorry already?" అంది చాందిని.

"చెప్పాను."

"She say okay?"

"ఇంకా అనలేదమ్మా."

చాందిని, మళ్లీ వెళ్లేటప్పుడు నేను కూడా రావచ్చా అని తెలుగులో అడిగింది. ఆంటీని అడిగి చెబుతానంది సుచిత్ర. చెప్పులేసుకుని కారిడార్‌లోకి వచ్చి, ఆ గుమ్మం ముందు నిలబడి బెల్లు నొక్కింది.

లోపలి నుంచి ఆంటీ, వస్తున్నా అంది.